ఉమ్మడం నేర్వని మనిషి

వైన్ రుచి చూడటం నేర్పమని ఎవరైనా అడిగితే నేను మొదట ఉమ్మడం నేర్పుతాను. మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి, కాలేజీలో ఈ చదువే చదివి వచ్చిందట, నా మాటకు ముఖం చిట్లించింది. "సార్, ముందు రంగు చూడాలి, తర్వాత వాసన అని మాకు చెప్పారు" అంది. రంగు ఎక్కడికీ పారిపోదమ్మా, ముందు ఈ గ్లాసు నీళ్లు నోట్లో పోసుకుని ఆ బకెట్లో సన్నటి ధారగా ఉమ్మి చూపించు అన్నాను. గడ్డం మీదుగా చున్నీ అంతా తడుపుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంత పట్టుదల ఎందుకని ఆమె అడగలేదు. అడిగినా ఆ పూట చెప్పేవాణ్ని కాదేమో. ఈ పనిలో ఉన్నవాళ్లకు, ఇకపై రాబోయేవాళ్లకు అందరికీ కలిపి ఇప్పుడు చెబుతున్నాను.

నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పదిహేడేళ్లు పనిచేసినవాణ్ని. చెరుకు రసంలో తీపి ఎంతుందో సీసాల్లో కొలవడం నా పని. నోటితో చూసే అవసరం ఏనాడూ రాలేదు. ఆ తర్వాత జహీరాబాద్ నుంచి కోహీర్ వెళ్లే వైపు కొత్తగా పెట్టిన ఒక వైనరీలో కెమిస్టు కావాలంటే వెళ్లి చేరాను. వైన్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెబితే మా మామగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మన దగ్గర వైన్స్ అంటే ఏమిటో మీకు తెలియంది కాదు. ఇనుప జాలీ, జాలీ సందులో దూరిన చేతులు, ఆ చేతుల్లో క్వార్టర్ సీసాలు. అక్కడ వైన్ ఒక్కటి తప్ప అన్నీ దొరుకుతాయి. "గింత సదువు సదివి వైన్స్‌ల కూసుంటవా అల్లుడా?" అన్నాడాయన. ద్రాక్షపండ్లతో చేస్తారు మామా, నేను ల్యాబ్‌లో కూర్చుంటాను అని చెప్పాను. ల్యాబ్ అన్న మాట విన్నాక కాస్త తేరుకున్నాడు.

వైన్ తయారీ చూడటానికి నాసిక్ వైపు నుంచి ఒకాయన సీజన్‌లో రెండు మూడుసార్లు వచ్చేవాడు. ఆయన్ని మాస్టర్ అనేవాళ్లం. మొదటిరోజే నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, ఎనిమిది గ్లాసులు వరసగా పెట్టి, చేతికి ఒక కాగితం ఇచ్చాడు. చూడు, గ్లాసు తిప్పు, వాసన పట్టు, పుక్కిట పట్టు, ఉమ్ము, రాయి. కాగితం మీద చెర్రీ అని, బ్లాక్‌బెర్రీ అని, సెడార్ చెక్క అని పేర్లున్నాయి. వాటిలో ఒక్కదాన్నీ నేను కంటితో చూసి ఎరగను. ఎనిమిది గ్లాసులకూ 'బాగుంది' అని రాసిచ్చాను. మాస్టర్ చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అచ్ఛా హై తో సబ్ బోల్తే హై. క్యా అచ్ఛా హై, వో లిఖో" అన్నాడు. బాగుందని అందరూ అంటారు, ఏం బాగుందో రాయమని. ఏం బాగుందో తెలిస్తే రాయనా? నలభై ఏళ్లు దాటాక నాకు నాలుక లేదని తెలిసొచ్చింది.

నాకు నాలుక ఇచ్చినవాడు అన్న. వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్ద. మేనేజర్ మొదలుకొని గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరూ ఆయన్ని అన్న అనే పిలిచేవారు, నేనూ అంతే. వైనరీ వెనక ద్రాక్షతోటలో ఐదెకరాలు ఒకప్పుడు ఆయనవి. బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండిపోతే అమ్ముకున్నాడు. కొన్నవాళ్లు భూమితోపాటు మనిషినీ తీసుకున్నారు, తోటపనికి. తోటలోంచి పండ్లు దించే చోటికి, అక్కడి నుంచి ట్యాంకుల దగ్గరికి ఆయన ముక్కే ఆయన్ని నడిపించుకొచ్చింది.

ఒకరోజు చెక్క పీపాల వరస పక్కనుంచి నడుస్తూ ఒక పీపా దగ్గర ఆగిపోయాడు. "సారు, గీ పీపలకెల్లి తడిసిన గోనెసంచి వాసనొస్తుంది. జర జూడున్రి" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేను ముక్కు పెట్టి చూస్తే నాకు పీపా వాసనే వచ్చింది. మాస్టర్ వచ్చినప్పుడు మాటవరసకు చెప్పాను. ఆయన ఆ పీపాలోంచి గ్లాసెడు తీయించి, పుక్కిట పట్టి ఉమ్మేసి, అది చెప్పినవాణ్ని పిలవమన్నాడు. పీపా లోపల బూజు పట్టింది. మరుసటిరోజు నుంచి అన్నకు బల్ల దగ్గర నా పక్కన స్టూలు వేశారు. ఆయన రుచి చెప్పాలి, నేను రాయాలి.

కాగితం మీది పేర్లను ఆయన పట్టించుకోలేదు. నేరేడు పండు అనేవాడు. ఎండిన చింతపండు, జామకాయ తొక్క, చెరుకుగడ అప్పుడే నరికిన చోటు, పొగాకు కాడ. నేను వాటిని ఇంగ్లీషులోకి మార్చి రాస్తే మాస్టర్ గ్లాసు ఎత్తి చూసి తలూపేవాడు. మొదట్లో నాకు అసూయగా ఉండేది. నెల రోజులకు ఆ అసూయ సిగ్గుగా మారి, "అన్నా, నాకూ నేర్పవా?" అని అడిగాను.

ఆయన నన్ను అల్లం అమ్మే మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు. అక్కడ బస్తాల మధ్య నిలబెట్టి నా కళ్లకు తన తువాలు కట్టాడు. నలుగురూ చూస్తున్నారు. ఒక వ్యాపారి, "ఏందే అన్నా, సారు ఏం దొంగతనం జేసిండు, కండ్లకు గంతలు గట్టినవ్?" అని అరిచాడు. అన్న నా ముక్కు కింద ఏదో పెట్టి అడిగాడు.

"గిదేంది సారూ?"

"అల్లం."

"అల్లమని సంటి పోరగాండ్లు గూడ జెప్తరు. ఎన్నడు తవ్విండ్రు? నిన్ననా, నెల కిందనా? తడి నేలల పండిందా, ఎర్ర నేలలనా?"

నాకేం తెలుసు? ఐదారు ముక్కలు మార్చి మార్చి పెట్టాడు. గంట గడిచేసరికి పాత అల్లానికీ కొత్త అల్లానికీ తేడా పట్టాను, అది కూడా సగం ఊహించి. తర్వాత హైవే పక్క హోటల్లో చాయ్ ఇప్పించి, గుటక వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "జెల్ది జెల్ది మింగుతె ఏం ఎరుకైతది? నోట్లనే వెట్టుకో. జర ఆగు. గదే వచ్చి నీకు జెప్తది." లారీలు పోతున్నాయి, ట్రాక్టర్ ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు పోతున్నాయి, నేను బుగ్గల నిండా చాయ్ పెట్టుకుని కోతిలా కూర్చున్నాను. కానీ ఆ రోజు చాయ్‌లో పొగ వాసన తెలిసింది. పాలు అడుగంటిన వాసన తెలిసింది. బుద్ధెరిగినప్పటి నుంచి తాగుతున్న చాయ్ అది.

నిజంగా వైన్ రుచి తెలిసింది మాత్రం నాలుగో నంబరు ట్యాంకు దగ్గర. ఒక మధ్యాహ్నం అన్న ఆ ట్యాంకు కుళాయి నుంచి రెండు గ్లాసులు పట్టి ఒకటి నాకిచ్చాడు. ఏం రాయకు, ఊరికే చూడు అన్నాడు. పుక్కిట పట్టాను. మొదట పులుపు, తర్వాత నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు. ఆ వగరు వెనక, చాలా వెనక, తొలకరికి తడిసిన ఎర్రమట్టి. ఒక నేలముక్క, ఒక ఏడాది వాన, ఎండ, అన్నీ కలిసి గుక్కెడు నీళ్లలో ఉండగలవని అంతవరకు నాకు తెలియదు. "మట్టి అన్నా, ఎర్రమట్టి" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గది నా చేను సారూ" అన్నాడు. "నాలుగో ట్యాంకుల పడేటియి నా ఐదెకరాల పండ్లే."

నేను నా నోట్లోది బకెట్లో ఉమ్మాను. ఆయన తనది మింగాడు. అప్పుడే మొదటిసారి గమనించాను.

ఇక్కడ బకెట్ల సంగతి చెప్పాలి. రుచి చూసేవాళ్ల పక్కన ఒక్కొక్కరికి ఒక్కో ప్లాస్టిక్ బకెట్ ఉండేది. సీజన్‌లో రోజుకు నలభై, యాభై గ్లాసులు చూడాలి. ఉమ్మకపోతే మనిషి మనిషిలా ఉండడు. మాస్టర్ వచ్చినప్పుడల్లా పని ముగిశాక బకెట్లలోకి తొంగి చూసేవాడు. ఉమ్మనివాడు పదో గ్లాసు తర్వాత అబద్ధాలు చెబుతాడని ఆయన నమ్మకం. అన్న విషయంలో ఆ నమ్మకం తప్పింది. యాభయ్యో గ్లాసు కూడా ఆయన మొదటి గ్లాసంత కచ్చితంగా చెప్పేవాడు. అడుగు తడబడేది కాదు, మాట తడబడేది కాదు. బకెట్ మాత్రం ఎండిపోయి ఉండేది.

అందుకని మాస్టర్ బల్ల దగ్గరికి వచ్చేలోపు నేను నా బకెట్లోంచి సగం ఆయన బకెట్లోకి వంపేవాణ్ని. మొదటిసారి నవ్వుతూ చేశాను. నాకు నేర్పినవాడికి ఆమాత్రం సాయం చేయలేనా అనుకున్నాను. అలా పన్నెండేళ్లు వంపాను.

అడగలేదని కాదు. "అన్నా, ఉమ్మొచ్చు కదా?" అన్నాను ఒకసారి. "నా చేను సారూ. అమ్ముకున్న గని, నోట్లకొచ్చినదాన్ని తీసి బకిట్ల ఉమ్ముతనా? పానం ఒప్పదు" అన్నాడు. సరే, నాలుగో ట్యాంకు నీ చేను, మిగతావి ఎవరివి అని అడిగాను. ఆయన తర్వాతి గ్లాసు అందుకున్నాడు. మొదట్లో ఆయన ఆ ఒక్క ట్యాంకువే మింగేవాడు. రెండో ఏడు ఐదో ట్యాంకు, ఆరో ట్యాంకు కూడా మింగాడు. మూడో ఏటికి అన్నీ మింగుతున్నాడు. చేను మీది ప్రేమ ఎక్కడ ఆగిందో, అలవాటు ఎక్కడ మొదలైందో పక్కన కూర్చున్న నాకే తెలియలేదు. ఆయనకూ తెలిసి ఉండదు. ఆయన వైన్స్ గడప తొక్కలేదు, కల్లు ముట్టలేదు, సెలవురోజు చుక్క అడగలేదు. ఆదివారాలు చేతులు కొంచెం వణికేవని మాత్రం ఒకసారి తనే చెప్పాడు.

ఆదివారం ఆయన చర్చికి వెళ్లేవాడు. అన్న భార్యను నేను వదినె అనేవాణ్ని. ఆమె ప్రార్థన తప్పని మనిషి. ఆమె తండ్రి తాగుడుతోనే పోయాడు. పెళ్లికి ముందు, మందు ముట్టనని పెద్దల ముందు ఒట్టు వేయించుకుని మరీ ఈయన్ని చేసుకుంది. వైనరీలో రుచి చూసే పని అనగానే నెల రోజులు ఇంట్లో గొడవ నడిచిందట. నోట్లో పోసుకుని ఉమ్మేస్తాం, ఒక్క చుక్క లోపలికి పోదని ఈయన నమ్మకంగా చెప్పాక ఒప్పుకుంది.

ఒక క్రిస్మస్‌కు వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. బస్తీ ఆడవాళ్లు తనను ఎట్లా ఎద్దేవా చేస్తారో చెబుతూ బిర్యానీ వడ్డిస్తోంది. "మీ ఆయన వైన్‌ల మునిగి తేల్తడట గద అంటరు తమ్మీ. నేనంట, మా ఆయన దినాం యాభై గిలాసలు నోట్ల పోసుకుంటడు, యాభై ఉమ్ముతడు. నోట్ల వెట్టుకొని మింగకుండుడు మీ మొగోళ్లకు అయితదా అని అడుగుత. సప్పుడు జేయరు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మెడ నిటారుగా ఉంది. అన్న విస్తరి మీంచి తల ఎత్తలేదు. నేను బిర్యానీ చాలా బాగుందన్నాను. ఏం బాగుందో ఆ రోజు కూడా చెప్పలేకపోయాను.

పన్నెండో ఏడు, వానలు వెనకబట్టే రోజుల్లో అన్న కళ్లు పచ్చబడ్డాయి. రాయికోడ్ దగ్గర ఎవరో ఆకుపసరు పోస్తారంటే మూడు ఉదయాలు వెళ్లి తాగొచ్చాడు. కాళ్లకు నీరు దిగింది. వదినె నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వొస్తె మాట ఇంటడు. దవాఖానకు తోల్కపోదాం." ముగ్గురం కలిసి జహీరాబాద్‌లోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన నిదానస్తుడు. కనురెప్పలు లాగి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. పెన్ను తీసుకుని, "మందు అలవాటుందా?" అని అడిగాడు.

"లేదు సారు" అంది వదినె. "పెండ్లయినసంది ముట్టలే. గా కంపెనీల నోట్ల పోసుకొని ఉమ్ముతడు, గంతే."

డాక్టరు పెన్ను ఆపి నా వైపు తిరిగాడు. "మీరు ఆయనతోపాటు పనిచేస్తారా?"

"అవునండి."

"ఉమ్ముతారా మరి?"

అన్న నన్ను చూడలేదు. గోడమీది క్యాలెండర్ చూస్తున్నాడు. వదినె నన్నే చూస్తోంది, ఆ మెడ అలాగే నిటారుగా ఉంది. ఆ చిన్న గదిలో ముగ్గురి మధ్య నేను చెప్పాల్సింది రెండక్షరాల మాట. లేదు.

"ఉమ్ముతారండి" అన్నాను.

"మంచిది. తాగే మనిషైతే ఈరోజు నుంచి చుక్క ముట్టొద్దని గట్టిగా చెప్పేవాణ్ని. ఆ బాధ లేదు" అంటూ ఆయన రాసుకున్నాడు. మామూలు కామెర్లలానే ఉన్నాయి, విశ్రాంతి తీసుకోండి, నూనె మానండి, నెలకు తగ్గకపోతే స్కానింగ్ చేయిద్దాం అన్నాడు. తప్పు ఆయనది కాదు. అడగాల్సింది అడిగాడు.

బయట వదినె మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మంచిగ జెప్పినవ్ సారూ" అన్నాడు. మీకు నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు గర్వంగా అనిపించింది. ఒక కాపురాన్ని నిలబెట్టినట్టు అనిపించింది.

రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. పసుపు తగ్గింది, కాళ్లు మామూలైనాయి, స్కానింగ్ సంగతి అందరం మర్చిపోయాం. ఆ రెండు నెలలు తాగలేదు కాబట్టి తగ్గిందని ఎవరికి తడుతుంది? తట్టాల్సింది ఒక్క నాకే. కొత్త ఏడాది మొదట్లో పండ్లు దిగుతున్నాయి, మేనేజర్ రోజూ అన్న ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు. ఆయన లేని ఆ కొన్ని వారాలు నేను రాసిన కాగితాలు మాస్టర్ వెనక్కి పంపాడు. ఆయన నాలుక లేకపోతే నా పెన్ను కదలదని నాకు తెలుసు. అందుకే అన్న తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నరోజు, వద్దు, ఇంటికి పో అని నేను అనలేదు. "ఈసారి ఉమ్ము అన్నా" అన్నాను, అంతే. "సగం ఉమ్ముత తియ్యి" అని నవ్వాడు. సగం కూడా ఉమ్మలేదు. మాస్టర్ వచ్చినరోజు నేను మళ్లీ నా బకెట్ వంపాను.

సీజన్ చివరికొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఎర్ర వైన్లు చూస్తున్నాం. పదిహేనో గ్లాసో, పదహారో. నేను రాసుకుంటూ తల దించి ఉన్నాను. పక్కన అన్న స్టూలు దిగి, వంగి, బకెట్ అంచు పట్టుకుని ఉమ్మడం కంటి కొసకు కనిపించింది. ఎర్రగా, ధారగా. ఇన్నేళ్లకు ఈ మనిషి ఉమ్ముతున్నాడని సంతోషించాను. "గట్ల ఉమ్మాలె అన్నా!" అని నవ్వుతూ భుజం తట్టాను కూడా.

ఆయన తల ఎత్తలేదు. మళ్లీ ఉమ్మాడు. మూడోసారికి వాసన తగిలింది. ఆయన నేర్పిన ముక్కే కదా నాది. అది వైన్ వాసన కాదు. ఇనుము వాసన, రక్తం వాసన.

అంబులెన్సులో హైదరాబాద్ తీసుకెళ్లాం. దారంతా వదినె ఆయన తల ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకుపోయి, చెప్పులు ఒక క్యారీబ్యాగ్‌లో వేసి ఆమె చేతికిచ్చారు. చాలాసేపటికి ఒక డాక్టరమ్మ వచ్చింది, మా ఇద్దరినీ చూసి, "ఎన్నేళ్లుగా తాగుతున్నారు ఆయన?" అంది.

"తాగడమ్మా" అంది వదినె. "ముట్టనే ముట్టడు. దేవుని మీద ఒట్టు. గీ తమ్మున్ని అడుగున్రి, పక్కపొంటి పనిజేస్తడు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "చూడండి, లివర్ ఒక్కరోజులో ఇలా అవదు. నిజం చెబితేనే నేను వైద్యం చేయగలను."

"పన్నెండేళ్లండి" అన్నాను. "సీజన్‌లో రోజూ. లీటరు దాకా ఉంటుంది. మిగతా నెలల్లో అందులో సగం." నేను కెమిస్టును. గ్లాసుకు ఎంతో, బకెట్‌కు ఎంతో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ రాసుకుని వెళ్లిపోయింది. వదినె చెప్పుల సంచి గుండెకు ఆనించుకుని వెళ్లి, వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఆమెకూ నాకూ మధ్య పది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మూడు రోజులు అలాగే కూర్చున్నాం. మూడోరోజు పొద్దున ఆమెను లోపలికి పిలిచారు. ఏం మాట్లాడిందో, ఆయనకు వినబడిందో లేదో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నమే అన్న పోయాడు.

ఊళ్లో ఒకటే మాట, తాగి చచ్చాడని. చర్చిలో కూడా కొందరు గుసగుసలాడారు. కంపెనీలో ఫొటోకు దండ వేసి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. రుచి చూసేవారు తప్పనిసరిగా ఉమ్మవలెను అని గోడకు ఒక కాగితం అంటించారు. ఆయన తాగుబోతా అని మీరు అడిగితే ఇంతే చెప్పగలను. నాకు తెలిసిన ఏ తాగుబోతూ అంత గౌరవంగా ఒక గ్లాసును ఎత్తలేదు. నాకు తెలిసిన ఏ తాగుబోతు కాలేయమూ అంతకంటే పాడవలేదు.

నలభై రోజులకు వాళ్లింట్లో ఆయన పేరున ప్రార్థన, ఆదరణ కూడిక పెట్టారు. వెళ్లాలా వద్దా అని ఆ పొద్దంతా తన్నుకులాడి, చివరికి వెళ్లి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాస్టరయ్య వాక్యం చెప్పాడు, అందరూ భోజనాలు చేసి లేచారు. నేనూ చెప్పులు వేసుకుంటుంటే వదినె గడపలోకి వచ్చి పిలిచింది.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. ఇగనన్న అబద్ధం జెప్పకు."

"అడుగు వదినె."

"జహీరాబాద్ దవాఖానల, గా డాక్టరు ముంగట, ఉమ్ముతడని ఎందుకు జెప్పినవ్?"

"నువ్వు పక్కపొంటి ఉంటివి గదా. నీ ముంగట ఆయన ఇజ్జత్ పోతదని జెప్పిన. నువ్వు తట్టుకోలేవని..."

"నాకు ఎరుకైతె ఏం జేస్తుంటి?"

ఆమెకు తెలిస్తే ఏమవుతుందో నేను పన్నెండేళ్లలో ఎన్నోసార్లు ఊహించాను. ఇల్లు విడిచి వెళ్లిపోతుందనుకున్నాను. పెద్దల్ని పిలిపిస్తుందనుకున్నాను. ఆయన ముఖం మళ్లీ చూడదనుకున్నాను. ఆయనా అదే అనుకుని ఉంటాడు. మేమిద్దరం ఏనాడూ ఆమెను అడగలేదు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కోపం జేస్తుంటి. ఎనిమిది దినాలు మాట్లాడకపోతుంటి" అంది. నన్ను చూసి మెల్లగా అంది. "తొమ్మిదో దినం నేనే పిలిచి బువ్వ వెడుతుంటి. గంతే గద తమ్మీ."